ఒకటికీ మూడుకీ నడుమ: మా బిడ్డకు ఇంటి పాఠాలు ఎంచుకున్న అనుభవం

2023 దసరా సెలవులు ముగిశాక, మావారి ఉద్యోగ బదిలీ వల్ల మేము సూర్యాపేట నుంచి నల్లగొండకు ఇల్లు మారాము. అప్పటికి మా పాప ఒకటో తరగతిలో ఉంది. అదే అక్టోబరులో ఆరేళ్లు నిండాయి. చదువుల సంవత్సరం నడుమ బడి మార్చడమంటే టీసీ తెచ్చుకోవడం, ఫీజు కట్టడం తప్ప పెద్ద పనేమీ ఉండదనుకున్నాము గాని, అడిగిన రెండు ప్రైవేటు బడులూ మా పాపకు రెండు వేర్వేరు తరగతులు చెప్పాయి.

కేంద్ర సిలబస్ నడిపే బడివారు, జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ఆరేళ్లు నిండిన తరువాతే ఒకటో తరగతి మొదలు కావాలని, కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో అన్ని రాష్ట్రాలకూ ఆ సంగతి మరోసారి రాసిందని, కాబట్టి 2024 జూన్‌లో పాప మళ్లీ ఒకటో తరగతిలోనే చేరాలని అన్నారు. మన రాష్ట్రంలో ఐదేళ్లు నిండిన పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కనుక, రాష్ట్ర సిలబస్ నడిపే రెండో బడివారికి వయసుతో ఇబ్బంది లేదు. పైగా పాప చేత ఒక కథ చదివించి చూసి, ఏడాది ఫీజు పూర్తిగా కడితే ఇప్పుడే రెండో తరగతిలో కూర్చోబెడతామన్నారు. ఆ తరగతి గదిని చూడనిచ్చారు. పిల్లలందరూ తలలు వంచుకొని బోర్డు మీద ఉన్న పేజీడు ఇంగ్లీషు జవాబులను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. మా పాప కథ చదవగలదు గాని, మూడు వరుసలు రాసేసరికి పెన్సిలు కింద పెట్టి వేళ్లు నలుపుకొనేది. ఒక బడిలో చదువు వచ్చిన పిల్లను వెనక్కి కూర్చోబెడతారు, ఇంకొక బడిలో చెయ్యి రాని పిల్లను ముందుకు నెడతారు. రెండింటిలో ఏదీ మనసుకు నచ్చక, కొంతకాలం ఇంట్లోనే చెప్పుకుందామని మేమిద్దరం నిర్ణయించుకున్నాము.

ఈ నిర్ణయానికి ముందు చట్టం సంగతి తెలుసుకోవడం అవసరమనిపించింది. ఇంటి చదువును క్రమబద్ధం చేసే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసింది. అందులోని పదో సెక్షన్ పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. అదే చట్టంలోని నాలుగో సెక్షన్, బడిలో లేని పిల్లలు తిరిగి వచ్చినప్పుడు వారి వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు వారికి ఉంటుందని చెబుతుంది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్, చిన్నపిల్లల కోసం మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలను నడుపుతోంది. ఇవన్నీ చదివాక మాకు ఒక సంగతి స్పష్టమైంది. మేము చేస్తున్నది బడిని శాశ్వతంగా మానిపించడం కాదు, తిరిగి వెళ్లే దారి తెరిచి ఉంచుకొని కొంతకాలం ఇంట్లో చెప్పడం. కాబట్టి ఏ పాఠం ఎంచుకున్నా అది పాపను తిరిగి తన ఈడు పిల్లల నడుమ కూర్చోబెట్టగలగాలి అనే షరతు మొదటినుంచీ మా మనసులో ఉంది.

పుస్తకాల విషయంలో మొదట వచ్చే ఆలోచన, ఒకటో తరగతి పుస్తకాలు కొనాలా, రెండో తరగతివా అన్నదే. మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి అడిగాను. ముప్పై ఏళ్లకు పైగా దేవరకొండ వైపు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసిన మనిషి. వీధిలో అందరం ఆయనను సారు అనే పిలుస్తాము. "తరగతి జూసి పుస్తకం కొనకమ్మా. ముందుగాల బిడ్డకు ఏమొస్తదో ఒక్కొక్కటి విడివిడిగ జూడు. చదువుడు వేరు, రాసుడు వేరు, లెక్క వేరు, ఇంగ్లీషు వేరు. నాలుగూ ఒక్కతీరుగ పెరిగే బిడ్డను నేను నా సర్వీసుల చూడలే" అన్నారు. మా ఇంటి చదువు మొత్తానికీ ఈ మాటే ఆధారమైంది.

పాప స్థాయిని చూడటానికి సారు చెప్పిన సాధనం చాలా సులువైనది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, వాళ్లకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూడటానికి 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో పిల్లల చేత చదివించే ఒక కాగితం ఉంటుంది. అందులో అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ వరుసగా ఉంటాయి. లెక్కల కాగితంలో ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకొని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం ఉంటాయి. తెలుగులో కూడా దొరుకుతుంది. అది పెన్సిలు పట్టే పరీక్ష కాదు. చాలావరకు పిల్ల పక్కన కూర్చొని, చూపించి, చెప్పించుకొని చూసేది. అక్కడే నాకు దాని విలువ తెలిసింది. బడి పరీక్షల్లో రాత ద్వారానే చదువునూ లెక్కనూ కొలుస్తారు. రాత వెనుకబడిన పిల్లకు మిగిలినవన్నీ వెనుకబడినట్టే కనిపిస్తాయి.

మా పాప తెలుగు కథను ఎక్కడా ఆగకుండా చదివింది. మరికొన్ని కథలు ముందు పెడితే, సంయుక్తాక్షరాలు వచ్చిన చోట మాత్రం తడబడింది. "మత్స్యకారుడు" అన్న మాట దగ్గర వేలు పెట్టి, మెల్లగా మూడుసార్లు కూడబలుక్కొని, చివరికి సరిగ్గానే అన్నది. చదివిన కథలో ముసలమ్మ ఎందుకు అలిగిందని అడిగితే కారణం చెప్పింది, కథలో లేని కారణం ఇంకొకటి కూడా కల్పించి చెప్పింది. తెలుగు చదవడంలో తాను మూడో తరగతి పిల్లలతో కూర్చోగలదు.

లెక్కలకు వచ్చేసరికి చిత్రం మారింది. నూరు వరకు గడగడా అప్పజెప్పింది, ఇరవై లోపు కూడికలు నోటితో చేసింది. కాని "నలభై ఏడు రాయమ్మా" అంటే 407 అని రాసింది. ముందు నలభై రాసి, దాని పక్కన ఏడు పెట్టింది. ఇది చిన్నపిల్లల్లో చాలా మందికి కనిపించేదే. సంఖ్యల పేర్లు వచ్చాయి గాని పదులు, ఒకట్లు అన్న స్థానవిలువ ఇంకా లోపలికి దిగలేదన్నమాట. ఇంగ్లీషులో అక్షరాలన్నీ వచ్చు, మూడక్షరాల మాటలు కూడబలుక్కోగలదు, వాక్యం మాత్రం చదవలేదు. ఇక రాత. ఘ, ఝ, ఋ వంటి అక్షరాల దగ్గర చెయ్యి ఆగిపోయేది, మ, య రెండూ ఒకే తీరుగా వచ్చేవి, ఒత్తులు గీత దాటి కింది వరుసలోకి జారేవి. రాతలో పాప ఒకటో తరగతి మొదట్లో ఉందని ఒప్పుకోవడం నాకు కష్టంగానే అనిపించింది, కాని అది ఉన్న సంగతి.

ఈ స్థాయిలు సరిగ్గా చూస్తున్నానా అని సరిచూసుకోవడానికి, మూడో తరగతి లోపు పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల పట్టికను పక్కన పెట్టుకున్నాను. ఒకటో తరగతి చివరికి 99 వరకు, రెండో తరగతి చివరికి 999 వరకు, మూడో తరగతి చివరికి 9,999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలని, మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థంతో చదవాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. ఏ పుస్తకం ఎంచుకున్నా చేరవలసిన గమ్యం ఒకటేనని ఈ పట్టిక చూశాక ధైర్యం కలిగింది. అరవై మాటల లెక్కను మాత్రం నేను గడియారం పెట్టి ఎన్నడూ చూడలేదు. ఆరేళ్ల పిల్ల ముందు గడియారం పెడితే కథ పోయి పరుగు మిగులుతుంది.

తరువాత పుస్తకాల వేట. గడియారం సెంటర్ దగ్గరి పుస్తకాల దుకాణంలో రకరకాల ప్రైవేటు వర్క్‌బుక్కులు తిరగేశాను. మావారి స్నేహితుని కుటుంబం అమెరికాలో ఉంటుంది. వాళ్లు తమ పిల్లలకు వాడిన ఇంటి చదువు కిట్ గురించి చెప్పి, దాని నమూనా పాఠాలు పంపించారు. అక్కడ ఇంటి చదువు బాగా వ్యాప్తిలో ఉంది కనుక, ఆ కిట్లు తయారుచేసేవారు ఒక్కో సబ్జెక్టుకూ ఒక్కో స్థాయి నిర్ణయించే పరీక్షలు ఇస్తారు. ఒకే పిల్ల లెక్కల్లో ఒక స్థాయిలో, భాషలో ఇంకొక స్థాయిలో ఉండటం వాళ్లకు మామూలు విషయం. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కాని పాఠాల లోపల డాలర్లు, సెంట్లు, అంగుళాలు, ఫారన్‌హీట్ డిగ్రీలు, మంచు కురిసే చలికాలం ఉన్నాయి. పది రూపాయల నోటుతో కొట్టుకు వెళ్లి చిల్లర లెక్కపెట్టుకోవలసిన పిల్లకు క్వార్టర్ నాణేల లెక్క నేర్పించడంలో అర్థం కనిపించలేదు. ధర కూడా ఇక్కడి బడిలో ఏడాది ఫీజంత ఉంది. సబ్జెక్టు వారీగా స్థాయి చూసే ఆలోచనను తీసుకొని కిట్‌ను వదిలేశాము.

చివరకు మా ఇంటికి వచ్చినవి ఎక్కువగా ప్రభుత్వ పుస్తకాలే. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ రూపొందించిన పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి, రెండు, మూడు తరగతులవి మూడూ దించుకొని, అవసరమైన పేజీలు మాత్రం జిరాక్స్ సెంటర్‌లో తీయించాను. ఈ పుస్తకాల్లో నాకు మిక్కిలి ఉపయోగపడినది 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా పద్ధతి. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. పాప తెలుగు పేజీ తానే చదివి లెక్క అర్థం చేసుకొని చేసేది, ఆ తరువాత ఎదుటి పేజీలో అదే లెక్క ఇంగ్లీషు మాటలను చూసేది. తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అని బంధువులందరూ అడిగే ప్రశ్నకు ఆరేళ్ల వయసులోనే జవాబు చెప్పవలసిన అవసరం మాకు ఆ పుస్తకం వల్ల తప్పింది. కేంద్ర స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ కూడా ఒకటి, రెండు తరగతుల కొత్త పుస్తకాలను 2023లో, మూడో తరగతివి 2024లో తెచ్చింది. వాటి లెక్కల పుస్తకాల్లో ఆటలు, బొమ్మలు, చేతితో చేసే పనులు బాగున్నాయి. వాటిని ఆటల కోసం తీసుకున్నాము, క్రమం మాత్రం రాష్ట్ర పుస్తకానిదే పాటించాము. రెండు క్రమాలను కలిపి నడిపితే ఒకే సంగతి రెండుసార్లు రావడం, ఇంకొకటి అసలు రాకపోవడం జరుగుతుంది.

ఏ పుస్తకంలో ఎక్కడ మొదలు పెట్టాలన్నదానికి కూడా సారు ఒక ఉపాయం చెప్పారు. "పుస్తకం మొదటికెళ్లి తెరవకు. నడిమిట్ల తెరిచి బిడ్డ ముంగట పెట్టు, నువ్వు నోరు మూసుకొని కూసో" అన్నారు. అట్లాగే చేశాను. పేజీ అంతా తడుముకోకుండా చేసేస్తే ముందుకు వెళ్లాను. ప్రతి వరుసకూ నా ముఖం వైపు చూస్తుంటే వెనక్కి వచ్చాను. చాలావరకు తానే చేస్తూ, ఒకటి రెండు చోట్ల ఆగి ఆలోచిస్తున్న పేజీ ఎక్కడ దొరికిందో అక్కడ కాగితం పెట్టి గుర్తు పెట్టుకున్నాను. ఆ విధంగా తెలుగు చదవడం మూడో తరగతి పుస్తకం మొదటి పాఠం దగ్గర, లెక్కలు ఒకటో తరగతి పుస్తకం చివరి మూడో వంతులో పదులు-ఒకట్లు వచ్చే చోట, ఇంగ్లీషు ఒకటో తరగతి మొదటి పాఠాల దగ్గర నిలిచాయి. రాతకు పాఠ్యపుస్తకమే వద్దనుకొని పలక, బలపం, ఆపైన నాలుగు గీతల పుస్తకం పెట్టాము.

పరిసరాల విజ్ఞానానికి పుస్తకం వెదకలేదు. ఒకటి, రెండు తరగతులకు ఆ సబ్జెక్టుకు విడి పుస్తకమే ఉండదు. అది మూడో తరగతి నుంచి మొదలవుతుంది. చాలా ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతికే సైన్సు, సోషల్, జనరల్ నాలెడ్జి అని మూడు పుస్తకాలు సంచిలో పెట్టడం చూసి, ఇంట్లో కూడా అవన్నీ కొనాలేమోనని తల్లిదండ్రులు కంగారు పడతారు. ఆ వయసుకు అవి అవసరం లేదని నేను గట్టిగా చెప్పగలను.

మొదటి నెలల్లో ఎక్కువ సమయం స్థానవిలువకే వెచ్చించాము. అది కుదరకపోతే రెండో తరగతి లెక్కల పుస్తకం సగం గుడ్డిపాఠమే అవుతుంది. చీపురు పుల్లలను సమానంగా విరిచి, పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు చుట్టి కట్టలు చేశాము. విడి పుల్లలు ఒక డబ్బాలో ఉండేవి. నలభై ఏడు అనగానే నాలుగు కట్టలు, ఏడు పుల్లలు తెచ్చి నేల మీద పెట్టి, వాటి కింద సుద్దముక్కతో 4, 7 అని రాసేది. 407 రాయడం కొద్ది రోజుల్లోనే ఆగిపోయింది. అసలు పరీక్ష తీసివేతలో వచ్చింది. యాభై రెండు పుల్లలు పెట్టి, ముప్పై ఏడు నాకిమ్మన్నాను. మూడు కట్టలు తీసి నా ముందు పెట్టింది, విడివి ఏడు ఇవ్వబోయి చూస్తే రెండే ఉన్నాయి. చాలాసేపు కట్టల వైపు, పుల్లల వైపు చూస్తూ కూర్చున్నది. నేను ఏమీ అనలేదు. కొంతసేపటికి ఒక కట్టను చేతిలోకి తీసుకొని, "అమ్మా, రబ్బరు తీయొచ్చా?" అని అడిగింది. ఆ రోజు అప్పు తెచ్చుకోవడం అన్న మాట నేను వాడలేదు, కాగితం మీద ఆ లెక్క రాయించనూ లేదు. రాసే పద్ధతి చూపించింది వారం తరువాత. అప్పటికి పైన కొట్టివేసి పక్కన వేసే ఆ చిన్న అంకె ఎందుకు వస్తుందో తనకు తెలుసు కనుక నేను చెప్పవలసింది ఏమీ మిగలలేదు.

లెక్కలను ఇట్లా నోటితో, పుల్లలతో చేయించడానికి కారణం మా అత్తమ్మ. మొదటి రోజుల్లో చేసిన ప్రతి లెక్కనూ పాప చేత పుస్తకంలో ఎక్కించేదాన్ని. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ చూసి, "ఏందమ్మా, బిడ్డ వేళ్లు ఎర్రగైనయ్ చూడు. నోటితోని చెప్పంగ ఇన్నవు గదా, మళ్ల రాసుడెందుకు?" అన్నది. ఆమె బడికి వెళ్లిన మనిషి కాదు, కాని మాట సరిగ్గా తగలవలసిన చోట తగిలింది. వచ్చిన లెక్కను మళ్లీ రాయించినందువల్ల లెక్క బలపడదు, రాతా బాగుపడదు. రెండూ ఒకదాని వల్ల ఒకటి విసుగు పుట్టిస్తాయి. అప్పటినుంచి ఆ రెంటినీ పూర్తిగా విడదీశాము. మూడో తరగతి తెలుగు పాఠం వెనుక ఉన్న అభ్యాసాలను, పర్యాయపదాలు, ప్రశ్నలు, సొంతమాటల్లో చెప్పడం, అన్నీ నోటితోనే చేసేవాళ్లం. రాతకు వేరే సమయం ఉండేది. అందులో తెలివికి పని పెట్టే ప్రశ్న ఏదీ ఉండదు, చేతికి మాత్రమే పని. రోజుకు ఒకే పోలిక ఉన్న రెండు మూడు అక్షరాలు పలక మీద పెద్దగా, తరువాత నాలుగు గీతల పుస్తకంలో ఒకటి రెండు వరుసలు చూచిరాత. వేళ్లకు బలం రావడానికి బియ్యంలో రాళ్లు ఏరడం, బంతిపూలు గుచ్చడం, ఆ చిక్కుడుకాయలే తుంచడం అత్తమ్మ నేర్పింది. మరుసటి సంవత్సరం బతుకమ్మ పండుగకు గునుగు పూలను కట్టలుగా కట్టి పేర్చడంలో పాప వేళ్లు ఎంత చురుకుగా కదిలాయో చూసినప్పుడు, రాత కూడా అప్పటికే కుదురుకొంటున్నదని నేను గమనించాను.

అన్నీ కలిపి రోజుకు గంటన్నరకు మించి కూర్చోబెట్టలేదు. బడి పిల్లలు పొద్దంతా చదువుతుంటే మీ పిల్ల గంటన్నరే చదివితే ఎట్లా అని చుట్టాలు అనేవారు. రెండో తరగతి వరకు పిల్లలకు హోంవర్కే ఉండకూడదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ బడిసంచి విధానం చెబుతున్న సంగతి వాళ్లకు చెప్పేదాన్ని. కొందరు విన్నారు, కొందరు వినలేదు. సాయంత్రం వీధి పిల్లలతో ఆట తప్పనిసరిగా ఉండేది.

ఇంగ్లీషు మా ఇంట్లో అన్నింటికన్నా నెమ్మదిగా నడిచింది. ఒకటో తరగతి పుస్తకంలోని బొమ్మలు, పాటలు పాపకు చిన్నతనంగా అనిపించేవి. తెలుగులో పెద్ద కథలు చదివే పిల్లకు ఇంగ్లీషులో పిల్లి, చాప, బంతి అంటూ కూర్చోవడం నచ్చలేదు. అట్లాగని పై తరగతి పుస్తకం ముందు పెడితే ఒక్క వాక్యం సాగేది కాదు. చదవగలిగే స్థాయి ఒకటి, అర్థం చేసుకోగలిగే స్థాయి ఇంకొకటి అయినప్పుడు ఏ ఒక్క తరగతి పుస్తకమూ పనికిరాదని ఇక్కడ అన్నింటికన్నా స్పష్టంగా తెలిసింది. దీనికి ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉపయోగపడింది. అందులో పిల్లల కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి, ఉచితంగా చదువుకోవచ్చు, ఒకే కథ అవే బొమ్మలతో అనేక భాషల్లో దొరుకుతుంది. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. ముందు తెలుగులో కథ చదివేది, కథ తెలిసిపోయిన తరువాత అదే బొమ్మల కింద ఇంగ్లీషు వాక్యాన్ని చదివేది. కథలో ఏమవుతుందో తెలుసు కనుక మాటలను ఊహించగలిగేది, ఊహ తప్పితే అక్షరాలు చూసి తానే దిద్దుకొనేది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్ని చాలాకాలం పక్కన పెట్టి ఈ కథలతోనే నడిపాము. ఫోనులో కాక కాగితం మీద చదివించడం మేలని జిరాక్స్ ఖర్చు భరించాము.

వినే పాఠాలకు అసలు తరగతి హద్దే అక్కరలేదని పానగల్లు వెళ్లినప్పుడు తెలిసింది. మా ఊరి పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలోని లింగం వెనుక పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ ఎందుకు కదలదని పాప అడిగింది. ఇంటికి వచ్చి చీకటి గదిలో ఒక గ్లాసును నిలబెట్టి, టార్చిలైటును ఎదురుగా, పక్కగా, దగ్గరగా, దూరంగా పట్టుకొని నీడలు చూశాము. వెలుతురు నేరుగా కాక తలుపుకు, గోడకు తగిలి లోపలికి వచ్చేట్టు చేసి కూడా చూశాము. నీడల పాఠం బడిలో ఆరో తరగతికి గాని రాదు. రాయమంటే ఒక్క వాక్యం రాయలేని పిల్ల, వెలుతురు ఎటు నుంచి వస్తే నీడ ఎటు పడుతుందో తాతయ్యకు పూసగుచ్చినట్టు చెప్పింది. అప్పటినుంచి చదివి వినిపించే పుస్తకాలను ఎంచుకునేటప్పుడు వాటి మీద ఉన్న తరగతి సంఖ్యను చూడటం మానేశాను.

ఎంచుకున్న స్థాయిలను నెల నెలా తిరిగి చూసుకున్నాము. ఒక నోటు పుస్తకంలో తేదీ, పుస్తకం పేరు, పేజీ రాసి, దాని ఎదుట "తానే చేసింది", "సాయంతో చేసింది", "రాలేదు" అన్న మూడింటిలో ఒకటి రాసేదాన్ని. మార్కులు వేయలేదు. "తానే చేసింది" అన్న మాట వరుసగా చాలా పేజీలకు వస్తే మధ్యలో కొన్ని పేజీలు వదిలేసి ముందుకు దూకేవాళ్లం. "రాలేదు" అన్నది రెండు మూడుసార్లు వస్తే ఆ పాఠాన్ని మూసి, దాని కింది మెట్టు ఏమిటో వెదికేవాళ్లం. 2024 వేసవికి లెక్కలు రెండో తరగతి పుస్తకంలోకి వెళ్లాయి, ఆ సంవత్సరం చివరికి ఎక్కాలు, గుణకారం మొదలయ్యాయి. పుల్లల కట్టలు అప్పుడు కూడా పనికి వచ్చాయి. తెలుగు చదవడం మాత్రం కొంతకాలం మూడో తరగతి దగ్గరే ఆగింది, ఆగనిచ్చాము. పై తరగతి పుస్తకానికి వెళ్లే బదులు అదే స్థాయిలో కథలు ఎక్కువ చదివించడం వల్ల సంయుక్తాక్షరాల దగ్గరి తడబాటు పోయింది. పిల్ల వేగంగా పోతున్నదని సంబరపడి అన్నింటిలో తరగతి పెంచుకుంటూ పోవడం నాకు సరైనదిగా అనిపించదు; లోతు పెరగవలసిన చోట ఎత్తు పెంచితే తరువాత కుదురు ఉండదు.

2025 జూన్‌లో, ఏడేళ్లు దాటి ఎనిమిదో ఏట ఉండగా, పాపను మా ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్చాము. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాత బడి టీసీ, నా నోటు పుస్తకం తీసుకొని వెళ్లాను. ప్రధానోపాధ్యాయురాలు ప్రవేశపరీక్ష వంటిదేమీ పెట్టలేదు. విద్యాహక్కు చట్టం పదమూడో సెక్షన్ అటువంటి పరీక్షను నిషేధిస్తుంది. వయసు చూసి మూడో తరగతిలో రాశారు. నోటు పుస్తకం మాత్రం ఆసక్తిగా తిరగేసి, రాత గురించి నేను చెప్పినది తరగతి టీచరుకు చెబుతానన్నారు. కొత్తలో పిల్లలందరి చేత చదివించి, లెక్కలు చేయించి చూసినప్పుడు మా పాప తెలుగు కథలు చదివే గుంపులో, గుణకారం చేసే గుంపులో కూర్చున్నది. ఇంగ్లీషులో ఇంకా చిన్న వాక్యాల గుంపులోనే ఉంది. రాత తోటివారిలో మధ్యస్థంగా ఉందని, కాని బోర్డు మీదివి ఎక్కించుకోవడానికి కొంత ఎక్కువ సమయం పడుతున్నదని టీచరు చెప్పారు. ఆ సమయం ఆమె ఇస్తున్నారు.

ఇప్పుడు ఇంట్లో చెబుతున్నది సాయంత్రం అరగంట ఇంగ్లీషు ఒక్కటే. బడిలో మూడో తరగతి పుస్తకం జరుగుతున్నది కనుక టీచరు తమ దగ్గర మిగిలిన రెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చారు. పాత పద్ధతి ప్రకారమే దాన్ని నడుమ తెరిచి పాప ముందు పెట్టి చూశాను. రెండు పేజీలు వెనక్కి వచ్చి, అక్కడి నుంచి మొదలు పెట్టాము.